గిటారు కడుపులో కండువా

నా గిటారు కడుపులో చాలాకాలం ఒక కండువా ఉండేది. పలచటి నూలు కండువా, అంచు వెలిసిపోయింది. తీగెలు కాస్త వదులు చేసి, గుండ్రటి రంధ్రంలోంచి దాన్ని కొంచెం కొంచెంగా లోపలికి తోసి, మళ్ళీ తీగెలు బిగించేవాణ్ణి. అలా చేస్తే మోత తగ్గుతుంది. మీటిన నాకు వినపడుతుంది, గోడ అవతలి వాళ్ళకు వినపడదు. ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదు. సిగ్గుపడే మనిషికి ఇలాంటివి వాటంతటవే తడతాయి.

నేను సారపాకలో కాగితం మిల్లు కాంటా మీద పనిచేసి రిటైరయ్యాను. జామాయిల్ కర్ర, వెదురు వేసుకొచ్చిన ప్రతి లారీ నా అద్దాల గది ముందు కాంటా ఎక్కి, నిండు తూకం తూగి లోపలికి పోయేది. సరుకు దించాక మళ్ళీ ఎక్కి ఖాళీ తూకం తూగి బయటికి పోయేది. తూకమప్పుడు బండిలో మనిషి ఉండకూడదు. డ్రైవరు దిగాలి, క్లీనరు దిగాలి. సీటు వెనక నిద్రపోతున్నవాణ్ణి కూడా లేపి దింపేవాణ్ణి. వానలో దింపాను, వడగాలిలో దింపాను. నా వెనక ఎన్ని తిట్లు పడ్డాయో నాకు తెలుసు. ఒక్కరికీ మినహాయింపు ఇవ్వలేదు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. ఎండ, వాన, వంతెన కింద గోదావరి ఎంతవరకు వచ్చింది, ఇంటికి ఎవరొచ్చారు, ఏం కూర వండారు, అన్నీ రాస్తాను. గిటారు కొన్న రోజు మాత్రం ‘ఖమ్మం వెళ్ళి వచ్చాను’ అని రాసి ఊరుకున్నాను. సొంత డైరీ ముందే సిగ్గేసింది.

గిటారే ఎందుకంటే, దానికి కారణం మా అమ్మ గొంతు. మాది తల్లాడ దగ్గర పల్లె. నాట్లప్పుడు మడిలో పాట ఎత్తుకునేది మా అమ్మే. ఆడవాళ్ళ గొంతుల్లో ఆమెది బొంగురు గొంతు, లావు గొంతు. గట్టు మీద కూర్చున్న నాకు, కళ్ళు మూసుకున్నా, ఎంతమందిలో ఉన్నా అది విడిగా తెలిసేది. ఆమె పోయిన తర్వాత ఆ గొంతు మళ్ళీ ఎక్కడా వినలేదు. మిల్లులో నాకు శాలువా కప్పిన రోజున, ఆఫీసరు రావడం ఆలస్యమైతే, మా ఎలక్ట్రీషియన్ కుర్రవాడొకడు కాలక్షేపానికి గిటారు పట్టుకున్నాడు. అన్నిటికంటే పైనున్న లావు తీగెను ఒక్కసారి మీటాడు. నా మెడ వెనక వెంట్రుకలు లేచాయి. సభలో నా గురించి ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తులేదు.

ఇంటికి గిటారు తెచ్చిన కొత్తలో కండువా లేదు. వెనకగదిలో తలుపేసుకుని మీటుకునేవాణ్ణి. మా బామ్మర్ది పక్క వీధిలో ఉంటాడు, రోజూ సాయంత్రం చాయ్‌కి వస్తాడు. ఒకరోజు వాకిట్లోంచే అడిగాడు.

“అక్కా, లోపల ఏంది గా చప్పుడు? బీరువ జరుపుతుండ్రా?”

“బీరువ కాదురా, గిటారు. మీ బావ నేర్సుకుంటుండు,” అంది మా ఆవిడ.

“గిటారా!” ఆయన నవ్వు నేను గది దాటి వచ్చేదాకా ఆగలేదు. “బావా, గీ వయసుల గా పోరగాండ్ల సోకేంది? మంచిగ తాళాలు పట్టుకోని భజనల కూసో. నలుగురు దండం పెడ్తరు. గిది పట్టుకుంటే నలుగురు నవ్వుతరు.”

చాయ్ తాగాను. మర్నాడు కండువా గిటారులోకి వెళ్ళింది.

ఆ ఎలక్ట్రీషియనే ఆదివారాలు మధ్యాహ్నం, ప్రార్థనలు అయిపోయాక, తమ చర్చి వెనక హాల్లో గిటారు నేర్పేవాడు. ఎవరైనా రావచ్చు. అక్కడ అందరికీ అతను మాస్టరు. నేర్చుకునేవాళ్ళలో భద్రాచలం దవాఖానాలో పనిచేసే నర్సు ఒకామె ఉండేది, ములకలపల్లి వైపు మనిషి. ఆమెను అందరం సిస్టర్ అనేవాళ్ళం. ఒక ఆటో డ్రైవరు ఉండేవాడు. మిగిలినవాళ్ళు కాలేజీ పిల్లలు. మొదటి గంటంతా అందరం కలిసి వాయించేవాళ్ళం. ఆ మోతలో నా గిటారు మూగదని ఎవరికీ తెలియలేదు. నాకు కావలసింది కూడా అదే.

చిక్కల్లా చివర్లో వచ్చేది. మాస్టరు దాన్ని ‘వంతు’ అనేవాడు. అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరు వంతు వచ్చినప్పుడు తమకు ఇష్టమైనది ఒంటరిగా వాయించాలి. మిగతావాళ్ళు గిటారు ఒళ్ళో పెట్టుకుని, తీగెల మీద అరచెయ్యి ఆనించి, కిక్కురుమనకుండా వినాలి. ఒక్క తీగె కూడా పొరపాటున మోగకూడదు. మాస్టరు పెట్టిన రూలు అదొక్కటే.

వంతు మొదలయ్యే ముందు నేను లేచేవాణ్ణి. బీపీ గోలీ వేసుకోవాలనేవాణ్ణి, చుట్టాలు వస్తున్నారనేవాణ్ణి, మంచినీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ అనేవాణ్ణి. అయితే ఇంటికి వెళ్ళేవాణ్ణి కాదు. హాలు బయట మెట్ల మీద, చెప్పులు వేసుకుంటున్నట్టు కూర్చుని, లోపల అందరి వంతులూ వినేవాణ్ణి. కాలేజీ పిల్లలకు వేళ్ళు చురుకు. సిస్టర్ ఒక తప్పు పోతే మళ్ళీ మొదటికి వచ్చేది. ఆటో డ్రైవరు తప్పు పోయినచోట ఇంకా గట్టిగా కొట్టేవాడు. ఎవరిది వింటున్నా నా వేళ్ళు మోకాలి మీద కదిలేవి. వాళ్ళ మధ్యన కూర్చోవాలని ఎంత ఉండేదో చెప్పలేను. లేచి లోపలికి వెళ్ళడానికి మాత్రం కాళ్ళు వచ్చేవి కావు.

ఒక ఆదివారం ఆటో డ్రైవరు బీడీకి బయటికొచ్చి నన్ను చూశాడు.

“ఏంది సార్, చెప్పులు ఇంక తొడుగుడు కాలేదా?”

నేను వంగి చెప్పు సర్దుకున్నాను. అతను బీడీ ముట్టించలేదు. నా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు.

“నన్ను గుర్తుపట్టలే గద సార్ నువ్వు. ఆటో కొనకముందు జామాయిల్ లారీ నడిపిన. నీ కాంటా మీద ఎన్నిసార్లు ఎక్కిన్నో. ఒకపారి జరంతోని వణుకుకుంట సీట్ల పండుకున్న. ‘దిగు, దిగు’ అని దింపినవ్ యాదికుందా?”

“తూకం అంటే తూకమే కదా తమ్ముడూ.”

“అవ్. గదే నేను గూడ అంటున్న. నిండుకొక్కపారి, ఖాళీకొక్కపారి, అందర్ని తూసినవ్. మేమందరం గీడ ఆదివారం ఆదివారం కాంటా ఎక్కుతున్నం. నువ్వేమో అద్దాల రూముల కూసోని సూస్తున్నవ్. ఇయ్యాల నువ్వెక్కు సార్.”

అతను వెటకారంగా అనలేదు. అందుకే నాకు కోపం వచ్చింది. ఆ కోపం అతని మీద కాదు. చాయ్ తాగుతూ నవ్విన బామ్మర్ది మీద, నోరు మూసుకుని కూర్చున్న నా మీద. ఆ కోపంలోనే లేచి లోపలికి నడిచాను. ఆ రోజు కోపం రాకపోతే నేను ఇప్పటికీ ఆ మెట్ల మీదే ఉండేవాణ్ణి. అందుకని కోపం చెడ్డదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

చాప మీద కూర్చున్నాను. అందరి అరచేతులూ తీగెల మీదికి వెళ్ళాయి. మా అమ్మ పాట మొదలుపెట్టాను.

ఏమీ వినపడలేదు. అంటే, నాకు వినపడుతోంది. ఎదురుగా ఉన్న సిస్టర్ మెడ ముందుకు చాచింది. కాలేజీ పిల్ల ఒకతి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. మాస్టరు మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, గిటారు రంధ్రంలోకి తొంగిచూశాడు.

“సార్, లోపల ఏందో ఉంది. ఎలుక గూడు పెట్టిందా ఏంది?”

రెండు వేళ్ళు పెట్టి అంచు దొరకబుచ్చుకుని లాగాడు. కండువా వస్తోంది, వస్తోంది, ఎంత లాగినా ఇంకా వస్తూనే ఉంది. మొదట ఆటో డ్రైవరు నవ్వాడు. ఆ తర్వాత హాలంతా నవ్వింది. సిస్టర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సార్, కాన్పు అయింది,” అంది. దాంతో మాస్టరు కూడా చాప మీద వెనక్కి వాలిపోయాడు.

నలుగురు నవ్వుతారని బామ్మర్ది అన్నాడు. నలుగురు కాదు, అంతకంటే ఎక్కువమందే నవ్వారు. ఇన్నాళ్ళూ నేను దాక్కున్నది దీనికేనా అని చూసుకున్నాను. చెవులు వేడెక్కాయి, చేతులకు చెమట పట్టింది. అంతకుమించి ఏమీ జరగలేదు. మాస్టరు చేతిలోంచి కండువా తీసుకుని, దులిపి, భుజం మీద వేసుకున్నాను.

“నవ్వడం అయిందా?” అన్నాను. “అయితే చేతులు తీగెల మీద పెట్టండి. నా వంతు ఇంకా కాలేదు.”

మళ్ళీ ఎత్తుకున్నాను. కండువా లేని గిటారు ఇంత పెద్దగా పలుకుతుందని నాకే తెలియదు. మొదటి మీటుకే ఉలిక్కిపడి రెండో స్వరం దగ్గర తప్పు తీగె తగిలింది. ఆగలేదు. ఆపేస్తే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. లావు తీగె మీద మా అమ్మ గొంతు హాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చింది. మొదటి చరణం అయింది. చెయ్యి తీసేశాను.

నాట్ల పాట అలాగే నడుస్తుంది. అమ్మ ఒక చరణం ఎత్తి వదిలేసేది. మిగతా ఆడవాళ్ళు దాన్ని అందుకునేవాళ్ళు. వాళ్ళు పాడినంతసేపూ అమ్మ మౌనంగా నారు గుచ్చుతూ ఒక అడుగు వెనక్కి వేసేది. వెనకగదిలో నేను వాయించినప్పుడల్లా ఆ చోట చెయ్యి ఆపి, వాళ్ళు పాడినంతసేపు ఊరుకుని, తర్వాతి చరణానికి వెళ్ళేవాణ్ణి. అలా కాకుండా ఆ పాట నాకు రాదు.

మాస్టరు నేను మర్చిపోయాననుకున్నాడు. మెల్లగా అందించాడు.

“తర్వాత డి అనుకుంట సార్… డి కార్డ్ పట్టుండ్రి.”

“తెలుసు. ఆగు.”

“పర్వాలేదు సార్, మొదటి నుంచి ఎత్తుకోండ్రి. ఎవరైనా మర్చిపోతరు.”

“నేను మర్చిపోలేదయ్యా. ఇక్కడ నేను వాయించేదేమీ లేదు. మీరు అందుకోవాలి.”

“వంతుల వేరేటోళ్ళు వాయించద్దు సార్. రూల్ గద.”

“రూలు పక్కన పెట్టు,” అన్నాను. జ్వరంతో ఉన్న మనిషిని కూడా రూలు కోసం సీట్లోంచి దింపినవాణ్ణి నేనే. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆటో డ్రైవరు నా వంక చూసి తల పంకించాడు.

మొదటి చరణం మళ్ళీ వాయించి, చెయ్యి తీసి, అందరి మొహాల్లోకి చూస్తూ కూర్చున్నాను. ఎవరూ కదల్లేదు. తల దించుకోకూడదని పంతం పట్టాను. మూడోసారి ఎత్తుకుని వదిలాను. అప్పుడు సిస్టర్ తీగెల మీది అరచెయ్యి తీసింది.

“మా దిక్కు గూడ గిట్లనే ఎత్తుకుంటరు,” అని, నేను వాయించిన వరసనే సన్నగా గొంతుతో అందుకుంది. మాటలు లేవు, ఉత్త రాగమే. ఆమె వెనక ఆటో డ్రైవరు తనకు వచ్చిన ఒకే ఒక్క కార్డు తీగెల మీద పట్టుకున్నాడు. అది ఈ పాటకు సరిపడదు. అయినా కొట్టాడు. పిల్లలు స్వరాలు వెతుక్కుంటూ వచ్చి చేరారు. వాళ్ళు అందుకున్నంతసేపూ నేను మా అమ్మలాగే ఊరుకున్నాను. ఊరుకుంటే ఇంత నిండుగా ఉంటుందని వెనకగదిలో తెలిసే దారి లేదు. తర్వాత నా వంతు వచ్చింది. ఎత్తుకున్నాను.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. “వేలు ఇంకొంచెం గట్టిగ నొక్కాలె సార్, బర్ర్ అంటుంది,” అన్నాడు మాస్టరు. నిజమే. ఇప్పటికీ అంటుంది.

ఆ సాయంత్రం వెనకగదిలోకి వెళ్ళలేదు. ముందు వరండాలో కుర్చీ వేసుకుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆవిడ నా భుజం మీది కండువా చూసి, “గది ఇన్ని దినాలు ఏడ వోయింది?” అంది. చెప్పాను. నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. అంతలో బామ్మర్ది వచ్చాడు.

“ఏంది బావా, గీడ కూసున్నవ్? వీధంత ఇనపడుతుంది.”

“విననీ.”

“నలుగురు నవ్వుతరంటే ఇంటలేవ్.”

“మధ్యాహ్నం నవ్వారు. మంచిగా నవ్వారు. నువ్వు కూడా నవ్వుకో, చాయ్ చల్లారకముందే.”

ఆయన నవ్వలేదు. నేను మొదటి చరణం వాయించి, చెయ్యి తీసి, ఆయన వంక చూశాను.

“అందుకో.”

“నేనా? నాకేం తెల్వది బావా.”

“నువ్వూ పల్లెటూరోడివే కదా. అందుకో.”

చాయ్ గ్లాసు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఎదురింటివాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. వీధిలో నలుగురు చూస్తుంటే నోరు తెరవడం ఎంత కష్టమో ఆయన మొహంలో కనపడింది. ఆ మొహం నాకు బాగా తెలిసిందే. అందుకే తొందరపెట్టలేదు. అందుకునేవాళ్ళు పాడవలసినంతసేపు ఆగి, రెండో చరణం మొదటిదానికంటే గట్టిగా ఎత్తుకున్నాను.