విభూతి రాలే పడవ

కొత్తలో లోవరాజు ఫైబర్ పడవ ఎంత మెరిసేదంటే, పులస చేపలు ఎదురీదడం మానేసి, దాని పక్కన ఆగి, మొహం చూసుకుని బొట్టు దిద్దుకునేవి. పట్టిసీమ రేవులో ఎవర్నైనా అడగండి, ఔననే అంటారు. అందరికీ చెప్పింది లోవరాజే మరి.

ఆ పడవ కోసం తాత నాటి చెక్క పడవని అమ్మేశాడు. గుడికెళ్ళే జనాన్ని గోదారి దాటించడం తప్ప అతనికి ఇంకో పని రాదు. ఒక ఏడు లంకల్లో పొగాకు కోతకి పోయి, కూలీలందర్నీ కూచోబెట్టి కథలు చెబుతూ మేస్త్రీకి దొరికిపోయి తిరిగొచ్చాడు.

ఎండలు కాసీ కాసీ పడవ మెరుపు చచ్చింది. తెల్లటి పైపూత సున్నం పొడిలా బట్టలకి అంటడం మొదలెట్టింది. పోయిన శివరాత్రికి ఖాకీ ప్యాంటుతో ఎక్కిన పోలీసాయన, దిగేసరికి వెనకంతా తెల్లగా దిగాడు. ఇంక తోటి పడవలవాళ్ళకి పండగే.

"లోవరాజు పడవెక్కండి బాబూ, వీరభద్రుడి గుడి దాకా పోనక్కర్లేదు. విభూతి పడవలోనే పెడతాడు."

ఈ ఏడు శివరాత్రి దగ్గర పడేసరికి రేవు పెద్ద బుల్లబ్బాయిగారు కబురెట్టి పిలిపించారు. "ఏరా, పండగ ముందురోజు నా ఎర్ర కండువాతో నీ పడవంతా తుడుస్తా. తెలుపు అంటిందా, రేవులో నీ వంతు ఇంకోడికి ఇచ్చేస్తా. ఈ పండక్కే కాదు, ఎప్పటికీ."

"కండువా ఎందుకండీ, మీ పట్టుపంచె తెచ్చి తుడవండి," అన్నాడు లోవరాజు. అనేసి, ఎవరూ చూడకుండా తన తువ్వాలుతో ఓ బల్ల తుడిచి చూసుకున్నాడు.

మర్నాడు రాజమండ్రిలో కార్లకి రంగులేసే గంగరాజు దగ్గరికి పోయాడు. గంగరాజు రబ్బింగ్ డబ్బా, మైనం డబ్బా, నున్నటి ఎమ్రీ కాగితం ఇచ్చి, "నీళ్ళు పోసుకుంటూ మెత్తగా రుద్దు. పైపూత గోరంత మందం కూడా ఉండదు," అన్నాడు.

లోవరాజుకి నవ్వొచ్చింది. ఇంత నున్నటి కాగితం మొహం తుడుచుకోడానికా? చెక్క పడవకి గీకేకొద్దీ లోపల్నించి కొత్త చెక్క వస్తుంది. తాత అలాగే గీకేవాడు. దారిలో గరుకు ఎమ్రీ కొనుక్కుని పడవ నడిమి బల్లని గీకడానికి దిగాడు. మొదట తెలుపు కింద తెలుపు వచ్చింది. హుషారుగా ఇంకా గీకాడు. కంచమంత మేర పసుపుపచ్చటి గాజునార బయటపడింది. అరచేతులు భగ్గున మండాయి.

పెళ్ళాం వీరవేణి వచ్చి చూసింది. "ఇదేంటయ్యా, గోనెసంచిలాగుంది?"

"లోపల తెలుపు ఉంటుందే. ఇంకొంచెం గీకితే..."

"ఇంకొంచెం గీకితే గోదారి కనబడుద్ది."

అతని చేతిలో గరుకు కాగితం లాక్కుని నీళ్ళలోకి విసిరేసింది. పైన బరకం కట్టి, నీడలో, గంగరాజు చెప్పినట్టే ఇద్దరూ రుద్దారు. భుజాలు పడిపోయాయి. జానెడు జానెడుగా మెరుపు తిరిగొచ్చింది, ఆ కంచమంత చోట తప్ప. అక్కడ మైనం ఇంకిపోయింది. వేలు పెడితే ముళ్ళు.

బుల్లబ్బాయిగారు వచ్చేసరికి లోవరాజు ఆ ముళ్ళ మీదే కూచున్నాడు. పెద్దాయన అంచులు తుడిచారు, బల్లలు తుడిచారు. కండువా తెల్లబడలేదు.

"లే, అక్కడా తుడవాలి."

లోవరాజు లేవలేదు. ఏదో ఒక కథ చెబుదామని నోరు తెరిచాడు. పుట్టాక మొదటిసారి ఒక్కటీ రాలేదు. "ఇది నా చోటండి. జనాన్ని కూచోబెట్టనండి," అన్నాడు నీరసంగా.

పెద్దాయన అతని తొడల మీది దద్దుర్లు చూశారు. "రేపు పండగంతా అక్కడే కూచుంటావా?"

"కూచుంటానండి."

"లేచావని తెలిసిందా, వంతు పోయినట్టే."

శివరాత్రినాడు వీరవేణి చుక్కాని పట్టింది. లోవరాజు యాత్రికుడిలా నడిమి బల్ల మీద కూచున్నాడు. నార ముళ్ళు లుంగీ దాటి ఒళ్ళంతా పాకాయి. ఒడ్డు తగిలినప్పుడల్లా వీరవేణి అతని వంక చూసేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. ఎక్కినవాళ్ళు మెరిసే అంచుల మీద చెయ్యేసి, చెయ్యి చూసుకుని, నిశ్చింతగా కూచునేవారు.

పొద్దువాలుతుంటే పక్కన కూచున్న ముసలామె అడిగింది. "ఏం బాబూ, కళ్ళంట నీళ్ళు కారతన్నాయేంటి?"

"మెరుపండి," అన్నాడు లోవరాజు. "ఈ పడవ మెరుపుకి నా కళ్ళే ఆగవు."