మేనేజర్‌ ఉన్న కాలువ

నా చిన్నప్పుడు అంటే మా పిల్లలు రాజుల కాలం అనుకుంటారు. నిజానికది, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని భయపడి జనం బియ్యం మూటలు కొనిపెట్టుకున్న ఏడాది. సిడ్నీలో, గిరావీన్‌లో మాకు పచారీ కొట్టు ఉండేది. ఆ భయం పుణ్యమా అని మా నాన్న ముఖం వెలిగిపోతుండేది. నేనూ బేరాల్లో తక్కువవాణ్ణి కాదు. స్కూల్లో నా లంచ్‌ మొత్తం ఇచ్చి ఒక చాక్లెట్‌ సంపాదించి, గెలిచాననుకుంటూ ఆకలితో ఇంటికొచ్చేవాణ్ణి.

కొట్టు నేల తుడిచిన ఫినాయిల్‌ నీళ్లు పారబోయడం నా పని. "కాలువలో పోసిరా" అనేవాడు నాన్న. ఆయన పుట్టిన ఊళ్లో ఇంటిముందు మురుగూ కాలువే, చేనుకు నీళ్లు తెచ్చేదీ కాలువే. ఇక్కడ కాలువంటే రోడ్డంచున ఉన్న ఇనుప జాలీ. ఒంపితే గుడగుడమని మింగేసేది.

కొట్టు వెనక సందు దాటితే వాగులాంటి చిన్న క్రీక్‌. వంతెన మీద నిలబడి వేలెడంత చేపల్ని చూడటం నాకు పిచ్చి. తోక వంకరున్న ఒకదానికి మేనేజర్‌ అని పేరు పెట్టాను, పనేమీ లేకుండా అటూ ఇటూ తిరిగేది గనక. ఆ ఏడాది చేపలు పలచబడ్డాయి. కొన్ని తెల్లకడుపులతో తేలాయి. మేనేజర్‌కీ అదే గతి పడుతుందేమోనని నాకు దిగులు. ఇదంతా వాటి పనేననుకుని, చెత్తడబ్బాల దగ్గర తిరిగే పొడుగు ముక్కు పక్షుల్ని తిట్టిపోశాను.

మా వెనక గదిలో ఒక అక్క అద్దెకుండేది. కంప్యూటర్లలో తేదీలు సరిచేయడానికి వచ్చిన కొల్లేరు వైపు మనిషి. నా తిట్లు విని నవ్వింది.

"ఏం సావుకారూ, నువ్వు పోసే బకెట్‌ ఎక్కడికి పోతుందో?"

"డ్రెయిన్‌ అక్కా. మిషన్‌కి వెళ్లి క్లీన్‌ అయిపోద్ది."

"పందెం?"

పందెమంటే ఆగుతానా! నేను గెలిస్తే ఆమె లాప్‌టాప్‌లో రెండు ఆదివారాలు గేమ్స్‌. ఆమె గెలిస్తే బకెట్‌ ఆమె చెప్పిన చోట ఒంపాలి. అక్క కొట్లోని బంతిపూలు తుంచి, మంచినీళ్ల బకెట్‌లో వేసి జాలీలో పోయించింది. ఇద్దరం వంతెన దగ్గరికి నడిచాం. కాసేపటికి గట్టులోని పైపు నోట్లోంచి పసుపు రేకులు ఒక్కొక్కటే జారి, చేపల మధ్యకి తేలుతూ వచ్చాయి. నాకు గేమ్స్‌ సంగతే గుర్తు లేదు.

"సింకులోదే మిషన్‌కి పోతుంది రా. రోడ్డు మీది జాలీలోది సీదా ఇక్కడికే" అంది అక్క మెల్లగా.

ఆ సాయంత్రం నిండు బకెట్‌ను కస్టమర్ల మధ్యనుంచి వెనక సింకుకి మోస్తుంటే నాన్న కేకలేశాడు. చెయ్యి పట్టి క్రీక్‌కి లాక్కెళ్లాను. అంచుకు పట్టిన రేకులు చూడగానే, "పూలు పారబోశారా! నాన్సెన్స్‌!" అన్నాడు. తర్వాత పైపు కింద తెల్లగా కట్టిన నురగ దగ్గర వంగాడు. తన కొట్లో సరుకుని కళ్లు మూసుకున్నా పోల్చగల మనిషి ఆయన.

"ఇది మన ఫినాయిలే రా" అన్నాడు. గొంతు తగ్గింది.

మర్నాటి నుంచి బకెట్‌ వెనక్కే వెళ్లింది. పక్క కొట్లవాళ్లని నాన్న బియ్యం బేరంలో సింకులోనే ఒంపాలన్న షరతు కూడా కలిపి ఒప్పించాడు. కొన్నాళ్లకు వంకర తోక ఒకటి కనిపించింది. అది మేనేజరే అని నేను, కాదు మేనేజర్‌ కొడుకని అక్క. ఆ వాదన తేలకుండానే జనవరి వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు, అక్క పని ముగించుకుని మెల్‌బోర్న్‌ వెళ్లిపోయింది. ఒక్క పాఠం కూడా చెప్పకుండా, గుప్పెడు పూలతో నాకు చూపునిచ్చి వెళ్లింది. నేను ఓడి లాభపడిన బేరం అదొక్కటే.

ఇప్పటికీ కారు కడిగే ముందు, సబ్బునీళ్లు జాలీలోకి పోకుండా దాన్ని గడ్డి మీదకి తోస్తాను. "డ్రైవ్‌వేలో కడిగేయ్‌ డాడ్‌, ఈజీ కదా" అంటారు పిల్లలు.

"కింద మేనేజర్‌ ఉన్నాడ్రా" అంటాను. పాపం, వాళ్లు మా ఆఫీసాయన అనుకుంటారు.