మేనత్త పెళ్ళి

పోయిన నెల డాక్టరు నా గుండె గురించి ఒక మాట చెప్పినప్పటి నుంచి, ఈ దీవిలో, గరాచర్మలో ఉన్న మా ఇంటికి వచ్చేవాళ్ళందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. టీ ఇస్తే కప్పు కూడా చప్పుడు కాకుండా కింద పెడుతున్నారు. అలా ఎవరైనా గుసగుసగా పలకరించినప్పుడల్లా నాకు మా మేనత్త గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది. ఆవిడైతే ఈపాటికి అందరినీ వాకిలి దాటించేసేది.

ఆవిడ నాన్నకు అక్క, తుష్నాబాద్ బడిలో టీచరు. అప్పట్లో మేముండే డైరీ ఫార్మ్ పేటలో, మా పక్క వాటాలో ఒంటరిగా ఉండేది. పిల్లల మీదా, పెద్దల మీదా, ఆగని వాన మీదా కోపమే. ఆవిడ నవ్వగా నేను చూసింది మాత్రం రోజూ తాను ఎక్కే బస్సు డ్రైవరుతోనే. ఆయన భార్య పోయిన మనిషి, రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం, తెలుగు ముక్క రాదు. యాభై దాటాక అత్తకు కడుపులో గడ్డ ఉందని తేలింది. ఓడెక్కి మద్రాసు వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నా ఏడాది దాటడం కష్టమన్నారు. "ఆ ఏడాదీ మద్రాసులో మంచం మీద ఎందుకు?" అని ఆవిడ ఓడ ఎక్కలేదు.

ఆ సంగతి తెలిసిన ఆదివారం చర్చి సంఘం ఆడవాళ్ళు ఆవిడ ముందుగదిలో ప్రార్థన చేస్తూ ఏడవడం మొదలుపెట్టారు. కాసేపు విని, లేచి తలుపు బార్లా తీసింది. "నేనింకా పోలేదమ్మా. పోయాక రండి, అప్పుడు అడ్డు చెప్పను" అంది. వాళ్ళు వెళ్ళాక మా ఇంటికొచ్చి, భోంచేస్తున్న నాన్నతో, బస్సు డ్రైవరుని పెళ్ళి చేసుకుంటున్నానని అదే గొంతుతో చెప్పింది. నాన్న ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"మన భాష కాదు, మన సంఘం కాదు. పోయే ముందు ఈ పెళ్ళేటక్కా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీరా. ఇన్నేళ్ళూ రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటా బస్సు దిగిపోయేదాన్ని. పోతానని తెలిసేక ఇంక రేపేటి?"

పాస్టరు అయ్యగారు వచ్చి, ఒళ్ళు నయమయ్యాక చూద్దామన్నారు. "నయమవదండీ. ఆగమనే మాట ఆగగలిగినోళ్ళకి చెప్పండి" అంది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళయింది. మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళకుండా నాన్న గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అమ్మ ఆయన మీది కోపాన్ని తోమిన గిన్నెలే మళ్ళీ తోముతూ తీర్చుకుంది.

ఆ తర్వాత గోడ అవతలి నుంచి వేయించిన చేపల వాసన, తెలుగూ హిందీ కలగలిపిన పోట్లాట వస్తూ ఉండేవి. పెళ్ళయ్యాక కూడా ఆయన ఆవిడను టీచర్జీ అనే పిలిచేవాడు. నొప్పి వచ్చిన రోజున అరుపులు ఎక్కువయ్యేవి, మర్నాడు ఇద్దరూ సముద్రపు ఒడ్డుకి వెళ్ళేవారు. వానలు మొదలైన రోజుల్లో నాన్న మద్రాసు ఓడ టికెట్లు పట్టుకుని వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. డ్రైవరు కుర్చీ వేస్తే నాన్న కూర్చోలేదు.

"ఇంకా మించిపోలేదక్కా" అన్నాడు నెమ్మదిగా.

"గొంతు పెంచి తిట్టరా. నీ జాలి నాకొద్దు."

నాన్న నిజంగానే తిట్టాడు. ఆవిడా తిట్టింది. మధ్యలో డ్రైవరు "బస్ కరో టీచర్జీ, చాయ్ ఠండీ హో రహీ హై" అని, ఇక చాలు, టీ చల్లారిపోతోందంటే, అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆయన మీద పడ్డారు.

ఆ వానలు తగ్గకముందే ఆవిడ పోయింది. సమాధి మీద భర్త పేరు వేయడానికి నాన్న ఒప్పుకోలేదు. డ్రైవరు వాదించలేదు. "నామ్ రహనే దో భయ్యా" అన్నాడు, పేరు వదిలేయమని. ఆ తర్వాత నాన్న ఆయనతో మాట్లాడనూ లేదు, ఆయన బస్సు ఎక్కనూ లేదు.

ఆవిడకి ఇంకెంత కాలం మిగిలిందో మేమంతా లెక్కపెడుతూ కూర్చున్నాం. ఆవిడ ఆ కాలంలో కాపురం చేసింది.