రాతిలో నత్త, బోడుప్పల్‌లో మా గది

నాకు రాయడం సరిగా రాదు. ఐదో తరగతితోనే బడి ఆగిపోయింది. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడితే ఏమీ అనుకోకండి, ముందే చెబుతున్నాను. మా గోడ చూసి అడిగినవాళ్ళకు ఈ సంగతి నోటితో చాలాసార్లు చెప్పాను. కాగితం మీద పెట్టడం ఇదే మొదలు.

అప్పటికి రాష్ట్రం ఇంకా రాలేదు. నేను నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. మా అద్దె గది ఇంటాయన, పైన అంతస్తులు వేస్తాను, వానలు పడేలోపు ఖాళీ చేయండి అన్నాడు. బోడుప్పల్‌లో మాకు చిన్న ప్లాటు ఉంది. అందులో ఒక్క గది లేపితే చాలు, ఇక ఎవరూ పొమ్మనరు. నా ప్రాణమంతా ఆ గది మీదే ఉండేది.

పునాదికి రాళ్ళు వికారాబాద్ వైపు నుంచి వచ్చిన లారీలో చవకగా దొరికాయి. మేస్త్రి సుత్తెతో కొడితే ఒక రాయి కొబ్బరికాయలాగా రెండు చెక్కలయింది. ఒక చెక్కలో బొటనవేలంత సుడి తిరిగిన ఆకారం. రెండో చెక్కలో దాని అచ్చు పడ్డ గుంట.

"అవ్వా, జర ఇటు రా. రాయిల ఏందో ఎల్లింది."

మా అత్తమ్మ ఒక్క చూపు చూసి చెప్పులు విడిచింది. పునాది పూజకు తెచ్చిన పసుపు, కుంకుమ సంచిలోనే ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే బొట్టు పెట్టేసింది.

మా దగ్గర రాయికి ఒకసారి పసుపు పడిందంటే ఇక అది రాయి కాదు. సాయంత్రానికి గల్లీ ఆడవాళ్ళు కొబ్బరికాయలతో వచ్చారు. తెల్లారేసరికి, మేం పునాదికి ముగ్గు పోసిన చోట, నడిమధ్యన ఎర్రగుడ్డ కట్టిన కర్ర నిలబడి ఉంది.

"అమ్మ మీ జాగనే కోరుకున్నది. గద్దె కట్టున్రి," అంది ఎదురింటామె.

"మరి మేమెక్కడుండాలె?"

"అమ్మనే సూస్కుంటది తియ్."

మేస్త్రి గడ్డపార భుజాన వేసుకున్నాడు. "దేవుని జాగల నేను గడ్డపార దింప, అక్కా. నాకు పిల్లలున్నరు."

నాకు ఏడుపు వచ్చింది. అత్తమ్మ నా ముఖం చూడలేక ఇసుక కుప్ప పక్కన కూర్చుంది.

పక్క గల్లీలో అద్దెకుండే సారు ఒకాయన ఉప్పల్‌లో రాళ్ళను పరీక్ష చేసే ఆఫీసులో పనిచేస్తాడు. జనాన్ని చూసి ఆయనా వచ్చాడు. గొంతుకూర్చుని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది నత్త గుల్లమ్మా. రాయిగా మారిపోయింది."

"నత్తనా?" అత్తమ్మ లేచి వచ్చింది. "సక్కగ సూసి చెప్పు సారూ. నాట్లప్పుడు మేం నత్తల కూర కుండలకు కుండలు తిన్నం. తిన్నదానికి మొక్కుతరా ఎవలన్న?"

"అయితె దేవతను కారమేసి వండినవా, అవ్వా!" అని ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మీరు తిన్నవి నీళ్ళ నత్తలు. ఇది నేల మీద తిరిగేది," అన్నాడు సారు. "మనుషులు పుట్టకముందుది. ఈ జాతి మొత్తం పోయింది. రాళ్ళలో తప్ప ఇప్పుడు ఎక్కడా లేదు."

"ఒక్కటి గూడ మిగల్లేదా?"

"లేదమ్మా."

పసుపు పెట్టినవాళ్ళే దాన్ని కడగాలి, వేరేవాళ్ళు కడిగితే మంచిది కాదంటారు మావాళ్ళు. అందరూ అత్తమ్మ వైపే చూస్తున్నారు. నన్ను చెంబెడు నీళ్ళు తెమ్మంది. పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు మెల్లగా కడిగింది. కర్ర కూడా తనే పీకింది.

"ఇగ గడ్డపార దింపు, బిడ్డా. ఇది అమ్మ గాదు, ఎన్కట బతికిన పాణం. జరగమంటె జరుగుతది."

నత్త ఉన్న చెక్కను సారు అడిగితే ఇచ్చింది. "దాని పేరేందో తెల్సుకొని చెప్పాలె," అని షరతు పెట్టింది. తర్వాత ఆయన వచ్చి చెప్పాడు. పొడుగు పేరు, మాలో ఎవరికీ నోరు తిరగలేదు. గుంట ఉన్న చెక్కను మేస్త్రి వాకిలి పక్కన గోడలో, అందరికీ కనబడేలా పెట్టాడు. మొదటి వాన పడేనాటికి తలుపు ఇంకా రాలేదు, వాకిలికి గోనెపట్టా కట్టుకున్నాం. అయినా రేకుల కింద మా గదిలో మేమే ఉన్నాం.

రాష్ట్రం వచ్చిన రోజు గల్లీ అంతా గులాల్ చల్లుకున్నారు. కొంచెం ఆ గుంటలో కుంకుమలాగా పడింది. అత్తమ్మ పరుగున వచ్చి కొంగుతో తుడిచేసింది.

"మల్ల ఎవలన్న మొక్కుతరు," అంది.

ఇంతే నాకు రాయ వచ్చింది. అక్షరాలు ఎక్కడైనా వంకర పోతే మీరే దిద్దుకొని చదువుకోండి, నన్ను మన్నించండి.