సీరియల్ పాట వినబడని సాయంత్రం

పుంగనూరు బస్సు దిగి ఇంట్లోకి వచ్చిన మా ఆయన "పిల్లోళ్లు యాడ?" అని అడిగాకే నేను వాకిలి వైపు చూశాను.

మదనపల్లెలోని మా వీధిలో ఆరు గంటల సీరియల్ పాట ప్రతి ఇంట్లోంచీ వినిపిస్తుంది. అది వినబడగానే పిల్లలిద్దరూ ఆట ఆపి ఇంటికి రావాలి. కుప్పంలో మా అమ్మ నన్ను పెంచిన పద్ధతే అది. ఆ రోజు అదే ఛానల్లో పాటల పోటీ ఫైనల్ లైవ్ సాగి సాగి, సీరియల్ మొదలే కాలేదు. వంటింట్లో లైటు కింద నేనూ ఆ పాట కోసమే చూస్తూ, బయట చీకటి పడిన సంగతి గమనించలేదు.

చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాను. అడిగిన ప్రతి ఇంట్లోనూ లేరన్నారు. చివరికి టమాటా మండీ వెనక, లారీలు రివర్సు తీసుకునే చోట, ఖాళీ క్రేట్ల మధ్య దాగుడుమూతలు ఆడుతూ కనిపించారు. గట్టిగా అరుస్తూ కొట్టడానికి చెయ్యెత్తాను.

"యాల అట్లా అరుస్తాండావమ్మా? పాట ఇంకా రాల్యా కదా!" అంది పెద్దది.

ఎత్తిన చెయ్యి దించేశాను. తప్పు వాళ్లది కాదు. ఆ రాత్రి ఎన్నిసార్లు లేచి వాళ్లను తడిమి చూశానో.

పొద్దున పాలు ఇస్తూ చెప్పాను: "ఇంక పాట కోసం కాసుకోవద్దు. ఎండ పోతానే వచ్చేయండి. నేను వాకిట్లోనే నిలబడుంటా."