యాభై ఖోఖాలు, ఒకటే మట్టం

ఒక్క తూటా పేల్చకుండా నలభై తొమ్మిది తూటాల బతుకు బుగ్గిచేసిన వీరుడి గురించి మీరు విని ఉండరు. అది నేనే. తుపాకీ ముట్టుకున్న పాపాన కూడా పోలేదు.

2005 నాటి మాట. ఆరో తరగతితో బడికి సలాం కొట్టిన నేను దుబాయ్‌లో టైల్స్ మేస్త్రీని. తెల్లారకముందే లేబర్ క్యాంపులుండే సోనాపూర్‌లో బస్సెక్కి, ఎండలో అప్పడంలా వేగి వచ్చేవాణ్ణి. షార్జా దగ్గర ఓ షూటింగ్ క్లబ్బులో నేల పరుస్తుంటే, అక్కడ తుపాకులు చూసుకునే హైదరాబాదీ బషీర్ భాయ్‌కి సాయంగా మనిషి కావాలన్నారు. ఏసీ గది, స్టూలు, చాయ్! క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, ఒక్కరోజు పరీక్ష పెట్టాడు. నెగ్గితే వీసా మారుస్తాడు, లేదంటే మళ్లీ బస్సే.

పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని ఖోఖా అంటారు. పేలినప్పుడు ఉబ్బుతుంది, మళ్లీ మందు నింపి వాడాలంటే సరిచెయ్యాలి. ప్రెస్‌లో పెట్టి నొక్కితే ఒళ్లు తగ్గుతుంది గానీ మెడ సాగుతుంది. సాగినంత మేరా కోసెయ్యాలి, అంతే పని. బషీర్ భాయ్ కొలతకు ఒక నమూనా ఇచ్చి జుమ్మా నమాజుకు వెళ్లాడు.

అన్నీ నొక్కి ట్రేలో నిలబెట్టాను. నలభై తొమ్మిదే ఉన్నాయి, ఒక గుంట ఖాళీ. టైలు ఊడిన నేలను చూస్తూ ఏ మేస్త్రీ అయినా ఊరుకుంటాడా, మీరే చెప్పండి. చెత్తడబ్బాలోంచి ఒక ఖోఖా తీసి అందులో కూర్చోబెట్టాను. ఒంటి కన్నుతో చూస్తే అదొక్కటే పొట్టి. దాన్ని పైకి సాగదీయలేను కదా, మిగతావాటినే కోసి దాని మట్టానికి దించాను. నమూనా పాపం బల్లమీదే ఉంది.

బషీర్ భాయ్ రాగానే ట్రేమీద బద్ద పెట్టి చూపించాను.

"జూడుండ్రి భాయ్, చీమ గూడ తట్టుకొని పడదు."

ఆయన ఆ పొట్టిదాన్ని బయటికి తీశాడు. "ఇది యాడికెల్లి తెచ్చినవ్?"

"డబ్బాలకెల్లి."

"డబ్బాల ఎందుకేసిన్నో ఎర్కేనా? మెడ కురసైతే గుండు నిలవడదు."

"ఇప్పుడన్నీ గట్లనే ఉన్నయ్ భాయ్."

నా గొంతులో ఇంకా గర్వమే ఉంది. అవి ముదీర్ పోటీకి దాచుకున్న ఖోఖాలని బషీర్ భాయ్ అప్పుడు చెప్పాడు.

ముదీర్ వచ్చాడు, ట్రేమీద వేలు నడిపాడు. ఆ తర్వాత అరబ్బీలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నడు భాయ్?"

"ఇసొంటి మట్టం జిందగీల జూడలేదట. క్లబ్బుల ఆరు బాత్రూములు మిగిలినయట, అవి నీకే అంటున్నడు."

ఆరూ పరిచాను. ఆరో బాత్రూములో మోకాళ్లమీద కూర్చుని, సిమెంటు చేతులు జోడించి ప్రమాణం చేశాను: ఇకమీదట లోకంలో ఏవి హెచ్చుతగ్గులుగా కనపడినా, దేవుడే అలా పరిచాడనుకుని కళ్లు మూసుకుంటాను.