నర్సమ్మ వేయించిన అడ్డు

మా నర్సమ్మ పోయిన వారం కన్నుమూసింది. కొండపాక వైపు ఊళ్లలో పసిపిల్లలకు టీకాలు వేసిన మనిషి. ఫోన్‌లో ఆ మాట విన్నాక ఆ రోజంతా నాకు పని మీద చేయి ఆడలేదు. సిద్దిపేటలో కిరాయి గదిలో కూర్చుని మొబైల్ యాప్‌లు రాసుకునే నాకు ఆ పని సరిగ్గా నేర్పింది, కంప్యూటర్ ముందు ఏనాడూ కూర్చోని ఆవిడే.

ఒక్కో నర్సు పేరు కింద ఆమె ఊళ్ల తల్లులూ పిల్లలూ ఉండే టీకాల యాప్ రాసింది నేను. ఏ రకం ఫోన్‌లోనైనా నడుస్తుందని గొప్పలు పోయాను. నర్సమ్మ మాత్రం తన నోటుబుక్కు వదల్లేదు. మా దిక్కు ఆడపిల్లలు కాన్పుకు తల్లిగారింటికి వస్తారు. అలా ఒక తల్లి పేరు రెండు ఊళ్లలో ఎక్కింది. ఒకటి తీసెయ్యమని ఆవిడకు నేనే చెప్పాను. తీసేసిన పేరు కిందే బిడ్డ ఉంది. తల్లి పేరుతో పాటే ఆ బిడ్డ టీకాల జాబితాలోంచి జారిపోయింది.

మర్నాడు నర్సమ్మ బస్సెక్కి వచ్చి, చెమట తుడుచుకుంటూ నోటుబుక్కు నా ముందు పెట్టింది.

"తల్లి పేరు కొట్టేస్తే బిడ్డ యాడికి పోతది? నేనైతే కింద పిల్లలున్నరా అని చూసినంకనే కొట్టేస్త. నీ ఫోన్ అడ్డం చెప్పదా?"

చెప్పాలి. తల్లికీ బిడ్డకూ ఉన్న లంకెను డేటాబేస్‌లో రాశాను కూడా. కానీ ఫోన్‌లోని ఆ డేటాబేస్ లంకెను దానంతటది కాపాడదు. తెరిచిన ప్రతిసారీ, కింద పిల్లలున్న పేరును తీసెయ్యనివ్వని ఫారిన్ కీ నియమాన్ని ఆన్ చేయమని చెప్పాలి. కోడ్‌లో ఆ ఒక్క వరుస రాయడం మరిచాను. సిగ్గుపడుతూ ఆ సంగతి చెప్తే ఆవిడ పకపకా నవ్వింది.

"తెరిచినప్పుడల్లా చెప్పాల్నా? మా ఆయన లెక్కనే ఉన్నది గిది!"

అప్పటికప్పుడే ఆ వరుస రాశాను. అడ్డుపడినప్పుడు తెర మీద ఏమని రావాలో కూడా ఆవిడే చెప్పింది.

"ఎర్రగ రాసి బెదిరియ్యకు. 'ఈ పేరు కింద పిల్లలున్నరు, ఆగు' అని రాయి, సాలు."

ఆ బిడ్డకు పొద్దున్నే టీకా వేసి బస్సెక్కిందని నాకు తర్వాత తెలిసింది. యాప్ మార్చిన ప్రతిసారీ ఫోన్ చేసేది. "దానికి చెప్పినవా బిడ్డా?" అదొక్కటే అడిగేది. ఒక్కోసారి విసుక్కున్నాను కూడా. ఇప్పుడు ఆ ఫోన్ కోసమే చెవి కోసుకుంటున్నాను.

ఆవిడ ఊళ్లకు కొత్త నర్సు ఇంకా రాలేదు. నిన్న ఆరోగ్య శాఖ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఆవిడ పేరు యాప్‌లోంచి తీసెయ్యమన్నారు. కళ్లు తుడుచుకుని నొక్కాను.

ఈ పేరు కింద పిల్లలున్నరు, ఆగు.

నా వేలు తెర మీదే ఉండిపోయింది.